అమ్మ నరాల బిళ్ళలు

మా అమ్మ నన్ను జైలరు అని పిలవడం మొదలుపెట్టేసరికి నేను బ్యాగు సర్దుకుని ఆమె ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఆ మాట నాతో అనేది కాదు, కొట్లోకి వచ్చిన వాళ్ళతో అనేది. "పెద్ద గిన్నెలు లోపలున్నాయమ్మా. ఉండు, మా జైలరుగారు పర్మిషనిస్తే లేచి తీసుకొస్తాను." వచ్చినవాళ్ళు నవ్వేవారు. తల్లీకూతుళ్ళ సరసం అనుకునేవారు. అందులో సరసం పిసరంత కూడా లేదని మా ఇద్దరికే తెలుసు.

నిడదవోలు బజార్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. నాన్న పోయినప్పటినుంచి అమ్మే కొట్లో కూర్చుంటోంది. నా కాపురం అదే ఊళ్ళో, రైలు గేటుకి అవతల. ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. నా భర్తది బ్యాంకు ఉద్యోగం. మాకొక్కతే కూతురు. నాకొక తమ్ముడున్నాడు, కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అమ్మకి వాడంటే ప్రాణం. నేనంటే ఏమిటో ఇప్పటికీ చెప్పలేను.

నాన్న గుండెపోటుతో హఠాత్తుగా పోయారు. ఆ తరవాత అమ్మకి నిద్ర పట్టలేదు. పక్క మీద కూర్చుని తెల్లారేదాకా గోడకేసి చూసేది. ఒక డాక్టరు గారు పదిహేను రోజులకని చిన్న తెల్ల బిళ్ళ రాశారు. ఆ పదిహేను రోజులు తొమ్మిదేళ్ళయ్యాయి. అమ్మ దాన్ని ఎప్పుడూ నిద్ర బిళ్ళ అనలేదు. 'నరాల బిళ్ళ' అనేది. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ వేసుకునే వయసే కాబట్టి ఇంకొక బిళ్ళ మాకెవరికీ తేడాగా కనిపించలేదు. కొట్టుకి ఎదురుగానే మందుల షాపు. చీటీ అడిగేవాడు కాదు. రాత్రికి ఒకటిగా మొదలైంది, పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం ఒకటి అయింది. ఆ తరవాత ఎన్నయిందో ఆమెకే లెక్క తెలియదు.

కూతురివి, పక్కనే ఉన్నావు, ఇన్నేళ్ళూ తెలియలేదా అని నన్ను చాలామంది అడిగారు. తెలియలేదు. ఎందుకు తెలియలేదంటే నేను ఆ ఇంటికి సరిగా వెళ్ళేదాన్ని కాదు. వెళ్ళకపోవడానికి కారణం ఉంది.

నాన్న పోయిన మరుసటి ఏడు నాకు అమ్మాయి పుట్టింది. పురుడు అమ్మే పోసింది. మూడో నెలలో ఒకరోజు పొద్దున్న పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. నేను తువ్వాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నీళ్ళు పోసే చెయ్యి ఆగిపోయింది. చెంబు పక్కకి ఒరిగింది. అమ్మ తల గుండెల మీదకి వాలిపోయింది. కాళ్ళు రెండూ విడిపోయి, పిల్ల మధ్యలోంచి జారి, గచ్చు మీద నిలిచిన సబ్బునీళ్ళలో మొహం పెట్టి పడింది. నేను ఒక్క అంగలో వెళ్ళి ఎత్తుకున్నాను. పిల్ల ఊపిరి అందక నల్లబడింది, దగ్గింది, చివరికి ఏడ్చింది. అమ్మ అప్పుడు తలెత్తి, "కాలు జారిందే" అంది. మామూలుగా, పాలు ఒలికాయని చెప్పినట్టు.

ఆ సాయంత్రమే పిల్లని తీసుకుని మా ఇంటికి వెళ్ళిపోయాను. "నా పిల్లని ఇంకెప్పుడూ ముట్టుకోకు" అని చెప్పి మరీ వెళ్ళాను. ఆమె బతిమాలలేదు. నేనూ వెనక్కి తగ్గలేదు. ఎనిమిదేళ్ళు పండగలకీ తద్దినాలకీ మాత్రమే ఆ గుమ్మం ఎక్కాను. ఎక్కినప్పుడు అమ్మ కొట్లో కూర్చుని కునుకుతూ కనిపించేది. పొయ్యి మీద పాలు మాడిపోతుండేవి. చెప్పిందే మళ్ళీ చెప్పేది. నాకు జాలి వేయలేదు. ఈవిడకి ఎవరన్నా లెక్కలేదు, అంతే, అనుకునేదాన్ని.

ఒక వానాకాలం మధ్యాహ్నం స్టూలెక్కి పై అరలోంచి బిందె దింపబోయి, గిన్నెల మధ్యలోకి పడిపోయింది. నుదురు చీరుకుపోయింది. రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో కుట్లు వేసి, తలకి దెబ్బ కాబట్టి రెండు మూడు రోజులు ఉంచమన్నారు. రెండో రోజు ఆమె చేతులు వణకడం మొదలైంది. పక్క దుప్పటి చెమటతో తడిసిపోయింది. సెలైను మార్చడానికొచ్చిన నర్సుని నోటికొచ్చినట్టు తిట్టింది. మూడో రోజు పొద్దున్న నేను ఇడ్లీ పొట్లం విప్పుతుండగా కళ్ళు పైకి తేలేసి, ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకుంది. ఫిట్స్.

"ఇంట్లో ఏం మందులు వాడుతున్నారండి?" అని డాక్టరు అడిగితే బీపీ బిళ్ళ పేరు చెప్పాను, నరాల బిళ్ళ గుర్తుకే రాలేదు. ఆయన నమ్మలేదు. నేను ఇంటికి వచ్చి బీరువా తీశాను. చీరల అడుగున ఖాళీ బిళ్ళల అట్టలున్నాయి. పారేస్తే ఎవరి కంట పడతాయోనని దాచుకుందట. ఒకదాని మీద ఒకటి పేర్చి, రబ్బరు బ్యాండ్లు వేసి, కట్టలు కట్టలుగా. అన్నీ ఒక క్యారీ బ్యాగులో వేసుకెళ్ళి డాక్టరు బల్ల మీద గుమ్మరించాను. ఆయన ఒక కట్ట చేతిలోకి తీసుకుని చూసి, మమ్మల్ని పై అంతస్తులో మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు.

ఆవిడ నా ఈడుదే. మెల్లిగా మాట్లాడుతుంది. "ఇన్నేళ్ళు వాడినవి ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ప్రమాదమండి. ఇక్కడ పడుకోబెట్టాక బిళ్ళలు అందలేదు, అందుకే ఫిట్స్ వచ్చాయి. నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను, బిళ్ళలు ఆవిడ చేతిలో ఉండకూడదు. ఎవరి దగ్గర పెడతారు?"

కాకినాడ నుంచి వచ్చిన మా తమ్ముడు ఫ్యానుకేసి చూశాడు. ఆ తరవాత, "అక్క దగ్గర పెట్టండి" అన్నాడు.

ఆ పని నాకు అలా వచ్చింది. ప్రేమకొద్దీ తలకెత్తుకున్నానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

"ఎన్నాళ్ళు?" అని మా ఆయన అడిగారు. ఆర్నెల్లన్నాను. పదమూడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ మా అమ్మాయి ఆయన దగ్గరే ఉంది.

మా కొట్లోదే ఒక తాళం పడే చిన్న డబ్బా తీసుకుని బిళ్ళలు అందులో పెట్టాను. అది ఎప్పుడూ నా హ్యాండుబ్యాగులోనే ఉండేది. స్నానానికి వెళ్ళినా బ్యాగు నాతోనే. బ్లేడుతో బిళ్ళని సగం చేసేదాన్ని, తరవాత పావు. పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు ఒకటి. లంచ్ బెల్లు కొట్టగానే స్కూటీ మీద వచ్చి ఒకటి. సాయంత్రం అన్నం తిన్నాక ఒకటి. ఆమె మింగి, నా మొహం ముందు నోరు తెరిచేది. "చూసుకో. నాలిక కింద కూడా చూస్తావా?" చూసేదాన్ని. నిజంగానే వంగి చూసేదాన్ని. ఒకటి రెండుసార్లు అక్కడ బిళ్ళ ఉంది.

తగ్గించడం మొదలుపెట్టాక ఆమె ఒళ్ళు తిరగబడింది. చెవుల్లో హోరనేది. కాళ్ళ మీద చీమలు పాకుతున్నాయని గోళ్ళతో రక్కుకునేది. వెలుతురు పడక మధ్యాహ్నం కొట్టు షట్టరు సగం దించేసేది. ఆ బాధంతా నిజమేనని డాక్టరుగారు చెప్పారు, నాకూ తెలుసు. కొన్ని రోజులు జాలేసేది. ఎక్కువ రోజులు వేసేది కాదు. నిజం చెప్పాలంటే, ఆ సగం బిళ్ళ ఆమె అరచేతిలో పెట్టేటప్పుడు నాకు లోపల ఒక తృప్తి ఉండేది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నాకోసం ఎదురు చూడటం అదే మొదటిసారి. స్కూటీ చప్పుడు వినగానే లేచి గుమ్మంలోకి వచ్చేది. నా మొహంకేసి కాదు, నా బ్యాగుకేసి చూసేది. అయినా నాకది బాగుండేది. ఆ తృప్తికి ఇప్పుడు సిగ్గు పడుతున్నాను కానీ, లేదని అబద్ధమాడలేను.

ఆమె మాత్రం ఊరుకుందా? మా చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. "నన్ను పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పిచ్చిదాన్నని రాయించింది. కొట్టు రాయించుకోవడానికి ఇదంతా." మా పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "ఏంటే ఇది, ముసల్దాన్ని ప్రశాంతంగా ఉండనివ్వవా?" అంది. వచ్చి నాలుగు రోజులు చూసుకోమన్నాను. తనకి మోకాళ్ళ నొప్పులంది.

మూడో నెలలో అమ్మ ఒక్కసారిగా నెమ్మదించింది. తిట్లు తగ్గాయి. చీమలు పోయాయి. అన్నం పెడితే మాట్లాడకుండా తినేది. నేను గెలిచాననుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను కూడా.

ఒక శుక్రవారం స్కూలుకి సెలవు. దేవుడికి పూలు తెచ్చే ఆవిడ వచ్చింది. అమ్మ పెరట్లో ఉంది, నేనే వెళ్ళి పొట్లం అందుకున్నాను. ఆవిడ ఇవ్వడానికి ఒక్క క్షణం తటపటాయించింది. "అమ్మగారు లేరాండి?" అంది. దారం తెంపి అరిటాకు విప్పితే కనకాంబరాల కింద మందుబిళ్ళల అట్ట.

"నాకేం తెలుసండి అమ్మాయిగారూ. అమ్మగారు తలనొప్పి బిళ్ళలన్నారు. ఎదురు షాపులో అడిగి తెమ్మన్నారు, తెచ్చాను" అని ఆవిడ ఏడుపు మొహం పెట్టింది. ఆవిణ్ణేమీ అనలేదు. పూలపొట్లం చేత్తో పట్టుకునే రోడ్డు దాటి మందుల షాపుకి వెళ్ళాను.

"ఇవి మీరే ఇచ్చారా?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పెద్దావిడండి. నిద్ర పట్టట్లేదని కబురంపితే కాదనలేకపోయానండి."

"చీటీ ఏది?"

"తొమ్మిదేళ్ళనుంచి ఇస్తున్నానండి. ఎప్పుడూ లేని చీటీ ఇప్పుడెందుకండి?"

"ఆవిడకి ఫిట్స్ వచ్చాయి, తెలుసా మీకు?"

"నేను ఇచ్చినన్నాళ్ళూ రాలేదు కదండీ మేడమ్ గారూ. అవి ఆగాకే వచ్చాయి."

ఆ మాట అక్షరాలా నిజం. అందుకే నాకు ఒళ్ళు మండిపోయింది. కౌంటరు మీద వరసగా పెట్టిన దగ్గుమందు సీసాల్ని చేత్తో ఒక్క తోపు తోశాను. రెండో మూడో కింద పడి పగిలాయి. ఎర్రటి మందు నేల మీద పారింది. బజారంతా చూసింది. మా స్కూలు పిల్లల తల్లులు ఇద్దరున్నారు అందులో. నేను ఏమేం అరిచానో నాకు పూర్తిగా గుర్తులేదు. లైసెన్సు పీకిస్తానన్నాను, పోలీసుల్ని పిలుస్తానన్నాను. ఆయన చేతులు కట్టుకుని, "అనండి, మీ ఇష్టం" అంటూ నిలబడ్డాడు.

వెనక్కి తిరిగితే కొట్టు మెట్ల మీద అమ్మ. "బజార్లో నా పరువు తీశావు" అంది.

"నీ పరువు ఇదిగో, పూలపొట్లంలో ఉంది" అన్నాను.

నా చేతిలో అట్ట చూసి లాక్కోబోయింది. అరవై దాటిన మనిషికి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. నా వేళ్ళు విరిచి తీసుకోబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకుని మెలిపెట్టాను. కావాలనే మెలిపెట్టాను. గాజు ఒత్తుకుని, సాయంత్రానికల్లా చెయ్యి నీలంగా కమిలిపోయింది. వారం రోజులు ఆ చెయ్యి కొట్లోకి వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది. "ఇదిగో, మా అమ్మాయి సేవ." ఆమె చెప్పింది అబద్ధమేమీ కాదు కాబట్టి నేను ఊరుకున్నాను.

వీడియో కాల్లో చెయ్యి చూసి మా తమ్ముడు ఆదివారానికల్లా దిగాడు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మని కొడుతున్నావా అక్కా?"

జరిగింది చెప్పాను. సాంతం వినలేదు. "ఎందుకక్కా ఈ వయసులో ఈ హింస? వేసుకోనీ. ఇంకెన్నాళ్ళు బతుకుతుందని?"

అమ్మ అక్కడే ఉంది. ఆ ఆఖరి మాట ఆమె చెవిన పడలేదో, పడినా వాడన్నాడు కాబట్టి తియ్యగానే ఉందో, కొడుకుకేసి చూసి నవ్వింది. నేను హ్యాండుబ్యాగులోంచి డబ్బా, తాళం, బ్లేడు, డాక్టరు రాసిచ్చిన కాగితం తీసి వాడి ముందు పెట్టాను.

"వారం రోజులు సెలవు పెట్టు. అడిగినంతా ఇవ్వొద్దు, కాగితంలో ఉన్నది ఇవ్వు. ఏం మాట్లాడినా విను. వచ్చే ఆదివారం వస్తాను."

వాడు సెలవు పెట్టాడు. అది వాడి మంచితనమే, కాదనను. నేను మా ఇంటికి వెళ్ళి తలంటుకుని, మా అమ్మాయి చేత లెక్కలు చేయించాను. రెండో రోజు వాడు ఫోన్ చేసి, "నెమ్మదిగా చెబితే వింటోందక్కా, నువ్వు ఊరికే గద్దిస్తావు" అన్నాడు. సరే అన్నాను. నాలుగో రోజు స్టాఫ్ రూములో ఉండగా మళ్ళీ ఫోను.

"అక్కా, నా వల్ల కావట్లేదు. నువ్వు రా."

"ఏమైంది?"

"నన్ను కనకపోయినా బాగుండేదంది."

"ఇంకా?"

"పళ్ళెం విసిరేసింది. నా చొక్కానిండా పప్పుచారు."

"ఎన్ని బిళ్ళలిచ్చావురా?"

నసిగాడు. మళ్ళీ అడిగాను. "ఏడిస్తే చూడలేక... అడిగినప్పుడల్లా ఇచ్చానక్కా." డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టమన్నాను. రెండు వారాలకి సరిపోయేవి నాలుగు రోజుల్లో అయిపోయాయి, ఆదివారం దాకా సరిపడా మాత్రం ఉన్నాయి. ఫోన్లో వాడు ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ళ మగాడు, నా ఒక్కగానొక్క తమ్ముడు. నేను ఆదివారం అన్నాను కాబట్టి ఆదివారమే వస్తానని పెట్టేశాను. పేపర్లు దిద్దుకున్నాను. వెళ్ళడానికి పది నిమిషాలు పట్టదు. వెళ్ళలేదు. మిగిలిన మూడు రోజులు ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఎలా ఉన్నారో నేను ఎప్పుడూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

రాజమండ్రిలో డాక్టరుగారు కాగితం చూసి పెన్ను కింద పెట్టారు. "మూడు నెలల కష్టం పోయిందండి. మళ్ళీ మొదటినుంచి రావాలి. దీనికి బాధ్యత ఎవరిది?" తమ్ముడు అప్పటికే కాకినాడ వెళ్ళిపోయాడు. నాదేనండి అన్నాను. బయటికి వచ్చాక అమ్మ, "వాడికి మనసుంది. నీకు లేదు" అంది.

మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి పూలు మాన్పించాను. కొట్లో ఫోను తీసేశాను. మందుల షాపాయన నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు. ఆయన మళ్ళీ ఇవ్వలేదని మాత్రం నమ్మకం కుదిరింది, అది మర్యాద వల్లనో భయం వల్లనో తెలియదు.

చలికాలంలో మధ్యాహ్నం బిళ్ళ పూర్తిగా ఆపమన్నారు. ఆపిన మూడో రోజు నేను లంచ్ టైములో ఇంటికొస్తే, అమ్మ వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది.

"మధ్యాహ్నానిది లేదమ్మా ఇంక."

"పావు ఇవ్వు."

"లేదు."

"కన్నతల్లిని ఇట్లా చంపుకుతినేదాన్ని ఎక్కడా చూళ్ళేదు."

ఎనిమిదేళ్ళుగా మనసులో పెట్టుకున్నది అప్పుడు బయటపడింది. "కన్నతల్లివి కదా, మరి నా పిల్లని నీళ్ళలో వదిలేసి ఎందుకు నిద్రపోయావు?"

"నిద్రపోలేదు. కాలు జారింది."

"ఆ రోజు పొద్దున్న ఎన్ని వేసుకున్నావు?"

చాపిన చెయ్యి దించింది. గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. నేను స్కూలుకి బయల్దేరబోతుంటే వెనకనుంచి, "రెండు" అంది.

ఆగాను.

"రెండు వేసుకున్నాను. పిల్ల ఏడిస్తే నా గుండె దడదడలాడేది. చేతులు వణికేవి. వణికి పిల్లని పడేస్తానేమోనని వేసుకున్నాను."

"అప్పుడే చెప్పొచ్చు కదా."

"చెబితే పిల్లని నా చేతికిచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు."

"మరి?" అంది.

అంతే. ఆమె ఏడవలేదు. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఇలాంటి చోట తల్లీకూతుళ్ళు కావలించుకుంటారని అనుకుంటాం. నేను చెప్పులు వేసుకుని స్కూటీ తీశాను. పీరియడుకి పావుగంట ఆలస్యమైతే మా హెడ్మిస్ట్రెసు పిల్లల ముందే మందలించారు. బోర్డు మీద లెక్క వేస్తూ రెండుసార్లు తప్పు చేశాను. నా కోపానికి ఇన్నాళ్ళూ ఒక కారణం ఉండేది. మా అమ్మకి నా పిల్లంటే లెక్కలేదు అన్నది ఆ కారణం. అది అబద్ధమని తేలింది. కారణం పోతే కోపమూ పోవాలి. పోలేదు. పైగా పెరిగింది. ఎనిమిదేళ్ళు నన్ను అలా అనుకోనిచ్చి, నోరు మూసుకుని కూర్చుందే అని.

తరవాతి నెలల్లో పెద్ద విశేషాలేమీ లేవు. పావు బిళ్ళని మళ్ళీ రెండు చేసేదాన్ని, సగం పొడైపోయేది. ఆ పొడిని తేనెలో కలిపి ఇచ్చేదాన్ని. ఆమె తిట్టేది. నేను తిట్టేదాన్ని. ఒకరోజు జ్వరం వచ్చి నేను మంచం మీద పడితే కాఫీ పెట్టి తెచ్చి, స్టూలు మీద పెట్టి, "తాగు. నీకేమైనా అయితే నా బిళ్ళెవరిస్తారు?" అని వెళ్ళిపోయింది.

ఆమె తేరుకుంటోందని నాకు ముందు తెలిసింది వంట దగ్గర. "నీ పప్పులో ఉప్పుండదు. ఇన్నాళ్ళూ తెలియనేలేదు" అంది. తరవాత కొట్లో తెలిసింది. సొట్టపడ్డ గిన్నె తెచ్చి కొన్నప్పుడే ఇలా ఉందన్న ఒకావిణ్ణి నిలబెట్టి, ఆ గిన్నె ఏ నెలలో కొన్నదో, ఆ రోజు ఆవిడ పక్కన ఎవరున్నారో చెప్పి పంపించింది. కునుకు లేదు, తడబాటు లేదు. నా చిన్నప్పుడు నాన్న పక్కన నిలబడి బేరమాడే మా అమ్మ. నాకు భయం వేసింది. ఎందుకో ఆ రోజే తెలిసింది. సాయంత్రం గోరుచిక్కుళ్ళు తుంచుతూ, తలెత్తకుండా చెప్పింది.

"అప్పుడు నువ్వన్నవి సగం నా చెవికెక్కేవి కావు. ఇప్పుడన్నీ వినపడుతున్నాయి."

"ఏవి?"

ఒక్కొక్కటే చెప్పింది. పూలపొట్లం మాట. 'నువ్వు చస్తే నా పీడ విరగడవుతుంది' అన్న మాట. అది నేను అన్నానని నాకే గుర్తులేదు. పెరటి తలుపు దగ్గర నిలబడి మా ఆయనతో ఫోన్లో 'ఈ దరిద్రం ఎప్పుడు వదుల్తుందో' అన్న మాట. చిక్కుళ్ళు అయిపోయేదాకా చెప్పింది. నేను ఒక్కదాన్నీ కాదనలేదు. క్షమించమనీ అడగలేదు. బ్యాగులోంచి డబ్బా తీసి ఆ పూట పొడి ఇచ్చాను. మింగి నోరు తెరిచింది. చూశాను.

ఆఖరి పొడి వేసుకున్న నెలకి డాక్టరుగారు ఇంక రానక్కర్లేదన్నారు. "మీ అమ్మాయిగారు చాలా చేశారండి" అని అమ్మతో అన్నారు.

"చేసిందండి. చాలా అంది కూడానండి" అంది అమ్మ. డాక్టరుగారు నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.

తిరుగు రైల్లో అమ్మ కిటికీ పక్కన కూర్చుని కొవ్వూరు దాటేదాకా బయటికి చూసింది. చాగల్లు వచ్చేసరికి, "నీ బట్టలు ఇవాళే సర్దుకుంటావా, రేపా?" అని అడిగింది. ఇవాళే అన్నాను. సాయంత్రానికల్లా మా ఇంట్లో ఉన్నాను.

ఇది జరిగి ఏడాది దాటింది. మళ్ళీ ఒక్క బిళ్ళ వేసుకోలేదు. వేసుకుంటే నాకు మొహం చూడగానే తెలుస్తుంది. నిద్ర మూడు నాలుగు గంటలకి మించి పట్టదంటుంది. చీకటితోనే లేచి కొట్టు ముందు కళ్ళాపి చల్లుతుంది. ఆదివారాలు వెళ్తాను. గిన్నెల గురించీ కూరల గురించీ మాట్లాడుకుంటాం. మణికట్టు మెలిపెట్టినందుకు నేను ఏమీ అనలేదు. ఆమె కూడా నాకు ఏమీ చెప్పలేదు.

మొన్న రావులపాలెంలో చుట్టాలింట్లో గృహప్రవేశానికి అందరం వెళ్ళాం. భోజనాల దగ్గర అమ్మకి అటు తమ్ముడు, ఇటు నేను. ఎదుటి వరసలో ఎవరో, అమ్మ మొహం తేటగా ఉందన్నారు. తమ్ముడు అందుకున్నాడు. "ఏదో అక్కా నేనూ కలిసి కష్టపడి అమ్మని బయటపడేశామండి" అన్నాడు. నేను తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాను.

అమ్మ విస్తరిలోంచి చెయ్యి తీసి, వరసంతా వినపడేలా అంది.

"వాడు వారం రోజులున్నాడు. అడిగినప్పుడల్లా ఇచ్చాడు. ఇది పదమూడు నెలలుంది. ఇద్దర్లోకీ నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే."

వడ్డించే ఆయన పులుసు బకెట్టుతో వచ్చాడు. ఆమె కొంచెం పోయించుకుంది, నాకు ఇంకో గరిటె పొయ్యమని ఆయనకి సైగ చేసింది. నేను వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. భోజనాలయ్యాక ఆమె తమ్ముడి కారెక్కింది. నేను బస్సెక్కాను.